కాలువ పడవకు ఎండాకాలం: కాకినాడ నుంచి మరక్కాణం దాకా

తమిళనాడులోను, యానాంలోను స్థిరపడిన తెలుగువారి చరిత్ర రాసేటప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి విజయనగర రాజుల దండయాత్రలు, మధుర, తంజావూరు నాయకుల పాలన, కంపెనీ కాలపు దుబాసీల వైభవం. వలస వచ్చినవారు నడిచిన దారులను గురించి రాసినవారు తక్కువ. ఆ దారులలో ఒకటి నేలమీద లేదు. కాకినాడ దగ్గర మొదలై, గోదావరిని, కృష్ణను దాటి, ఒంగోలు, నెల్లూరు తీరాల వెంట దక్షిణానికి దిగి, చెన్నపట్నం నడుమగా సాగి, పుదుచ్చేరికి ఉత్తరాన ఉన్న మరక్కాణం దాకా పోయిన నీటి బాట అది. దానిమీద బియ్యం, ఉప్పు, వంటచెరకు, సున్నపు గుల్ల రవాణా అయ్యాయి. వాటితోపాటు మనుషులూ, మాటలూ కూడా రాకపోకలు సాగించాయి.

ఈ వ్యాసంలో మేము ఆ నీటి బాటను గురించి ఒక్క ప్రశ్నకే పరిమితమవుతున్నాము. చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా, తాటాకు గూడు తప్ప వేరే నీడ లేని పడవే ఇల్లుగా బతికిన పనివారు ఎండాకాలాన్ని ఎలా గడిపారు? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చు. కాని దానికి జవాబు వెతుకుతూ పోతే ఆ కాలువ ఎవరి కోసం తవ్వారు, ఎవరు తవ్వారు, ఎవరి బతుకు దానిమీద నిలిచింది, అది పాడుబడ్డాక ఎవరు నష్టపోయారు అన్న సంగతులన్నీ వరుసగా బయటపడతాయి. మా పరిశీలనలో తేలినది ఇది: పడవవాడికి వేసవి అంటే ఎండ తీవ్రత ఒక్కటే కాదు. కాలువలో ఎంత నీరుంది, కుండలో ఎంత నీరుంది అన్న రెండు లెక్కల మీద అతని వేసవి అంతా నడిచింది.

తియ్యనీరు, ఉప్పునీరు

ముందుగా ఈ బాట స్వరూపాన్ని చూద్దాం. 2008లో కేంద్ర ప్రభుత్వం దీనిని 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించినప్పుడు ఇచ్చిన కొలతలు మనకు ఉపకరిస్తాయి. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113. ఈ మూడూ గోదావరి, కృష్ణా డెల్టాల పంటకాలువలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయిన తరువాత ఇవి ఒక రూపానికి వచ్చాయి. ఆర్థర్ కాటన్ దృష్టిలో ఇవి పొలాలకు నీరిచ్చే కాలువలు మాత్రమే కావు, రైలుకన్నా చవకగా సరుకు మోసే దారులు కూడా. కొమ్మమూరు కాలువ పెద గంజాం దగ్గర ముగుస్తుంది. అక్కడినుంచి చెన్నపట్నం దాకా ఉత్తర బకింగ్‌హాం కాలువ 316 కిలోమీటర్లు. చెన్నపట్నం నుంచి మరక్కాణం దాకా దక్షిణ బకింగ్‌హాం కాలువ 110 కిలోమీటర్లు.

ఈ అంకెలను రెండు భాగాలుగా కూడితే అసలు విషయం తెలుస్తుంది. మొదటి 302 కిలోమీటర్లు నదుల తియ్యనీరు. తరువాతి 426 కిలోమీటర్లు, వరదల రోజులు మినహాయిస్తే, సముద్రపు పోటుతో నిండే ఉప్పునీరు. పెద గంజాం దగ్గర పడవ ఒక నీటినుంచి మరొక నీటిలోకి దిగుతుంది. పైకి అది ఒకే బాట. వేసవిలో మాత్రం అవి రెండు వేరు వేరు లోకాలు.

తియ్యనీటి వైపు వేసవి పడవను ఆపుతుంది. రబీ పంట చేతికి వచ్చాక మరమ్మతుల కోసం డెల్టా కాలువలను ఏటా కొన్ని వారాలపాటు మూసివేస్తారు. “కాలవలు కట్టేశారు” అన్న మాట గోదావరి జిల్లాలలో ఎండాకాలానికి మరో పేరు వంటిది. కాలువలు కట్టే ముందే ఊరి చెరువులు నింపుకొంటారు. ఆ తరువాత తొలకరికి ముందు మళ్ళీ నీరు వదిలేదాకా చెరువు నీరే గతి. గౌతమి ఒడ్డున ఉన్న యానాం వంటి చోట ఈ లెక్క ఇంకా కఠినమైనది. వేసవిలో నదిలో ప్రవాహం తగ్గినకొద్దీ సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఎదురుగా అంత పెద్ద నది ఉండికూడా గుక్కెడు తాగునీటి కోసం కాలువవైపు చూడవలసి వస్తుంది.

కాలువ కట్టిన నాటినుంచి పడవవాడి సంపాదనకూ కట్టు పడుతుంది. కాని పడవకు అది విశ్రాంతి కాలం కాదు. చెక్క పడవకు ఎండ పెద్ద శత్రువు. నీటిలో ఉన్నంతకాలం చెక్కలు ఉబ్బి ఒకదానినొకటి ఒత్తుకొని ఉంటాయి. నీరు తీసి ఎండలో వదిలితే అవి బిగుసుకుపోయి సందులు విచ్చుతాయి. అందువల్ల కాలువలో మిగిలిన మడుగులలో పడవను ఉంచడం, ఒడ్డుకు లాగినవాటిని నీడన పెట్టి తడుపుతూ ఉండడం, విచ్చిన సందులలో నార, గుగ్గిలం కూరడం, నూనె పట్టించడం ఈ నెలల పనులు. ఎండాకాలం పడవకు మరమ్మతుల కాలం, పడవవాడికి అప్పుల కాలం.

ఇక్కడ ఒక వింత గమనార్హం. మే మొదటివారం నుంచి ఆ నెలాఖరుదాకా నడిచే రోజులను మన పంచాంగం కర్తరి అంటుంది. తమిళులు అవే రోజులను కత్తిరి అనీ, అగ్ని నక్షత్రం అనీ అంటారు. కర్తరిలో మట్టి తవ్వరాదని, నుయ్యి తీయరాదని, ఇల్లు మొదలుపెట్టరాదని, చెట్టు కొట్టరాదని నియమం. శాస్త్రం పేరుతో చెప్పినా, మండుటెండలో కూలివాని చేత బరువుపని చేయించవద్దన్న ఇంగితం అందులో ఉందని మేము భావిస్తున్నాము. కాలువలలో పూడిక తీయించే పని మాత్రం సరిగ్గా కర్తరి రోజులలోనే పడింది. నీరు లేనప్పుడే కదా అడుగు కనిపించేది! పంచాంగం వద్దన్న పనిని కాలువల శాఖ కాలెండరు తప్పనిసరి చేసింది.

ఎండ పండించిన సరుకు

ఉప్పునీటి వైపు కథ తలక్రిందులు. అక్కడ వేసవి పడవను ఆపదు, పిలుస్తుంది. కారణం ఉప్పు. వాన లేని నెలలలో, ఎండ ముదిరినకొద్దీ ఉప్పుమళ్ళు పండుతాయి. ఈశాన్య ఋతుపవనం రాకముందే ఆ ఉప్పు కొటార్లకు చేరాలి. పెద గంజాం పొరుగున ఉన్న చిన గంజాం మొదలు నెల్లూరు తీరం, ఎన్నూరు, కోవళం, మరక్కాణం దాకా ఈ కాలువ వెంట ఉప్పుమళ్ళ వరుస ఉంది. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు మీద ప్రభుత్వానికే గుత్తాధిపత్యం. ఆ మరుసటి సంవత్సరమే, 1806లో, బాసిల్ కాక్రేన్ అనే దొర చెన్నపట్నం నుంచి ఎన్నూరు దాకా సుమారు 18 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. తరువాత బకింగ్‌హాం కాలువగా పెరిగినదానికి అదే మొదలు. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొని ఉత్తరంగా ప్రళయకావేరి వైపు, ఆపైన నెల్లూరు సీమకు పొడిగించింది. పులికాటు సరస్సును మనవారు ప్రళయకావేరి అంటారని పాఠకులకు తెలిసినదే.

అంటే మనిషిని మాడ్చిన ఎండే పడవకు బరువును పండించింది. ఉప్పు పడవ సరంగు ఎండను తప్పించుకొని ఇంట కూర్చుంటే ఆ ఏటి కిరాయి పోయినట్లే. శ్రీహరికోట అడవులనుంచి, తీరం వెంట వేసిన సరుగుడు తోటలనుంచి చెన్నపట్నం పొయ్యిలకు కట్టెలు మోసిన పడవలదీ ఇదే పరిస్థితి. ఎండిన కట్టె తేలిక, అందువల్ల ఎక్కువ ఎత్తవచ్చు. తడిసిన కట్టెను కొనేవాడు ఉండడు. చెన్నపట్నంలో బేసిన్ బ్రిడ్జి అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. ఈ పడవలు ఆగే కాలువ మడుగును బట్టి వచ్చిన పేరది. రైలెక్కి ఆ స్టేషను దాటే తెలుగువారిలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

వేసవిలో ఉప్పుకాలువ నిండుగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. స్వర్ణముఖి, కూవం, అడయారు వంటి నదులలో వేసవిలో ప్రవాహం ఉండదు. సముద్రం తెచ్చిన ఇసుకను బయటికి నెట్టే బలం లేక మొగలు పూడుకుపోతాయి. మొగ పూడితే పోటు నీరు లోపలికి రాదు. లోపలి నీరు ఎండకు ఆవిరై రోజు రోజుకూ తగ్గుతుంది, ఉప్పదనం పెరుగుతుంది. చెన్నపట్నంలో హార్బరు గోడలు సముద్రంలోకి కట్టిన తరువాత దక్షిణం వైపు ఇసుక మేట వేసి మెరీనా తీరం వెడల్పయింది, కూవం మొగకు ఆ ఇసుక శాశ్వతమైన బెడద అయింది. మొగ తెరిచి ఉన్న చోట పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. కాని అది ఒకే వేళకు రాదు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనకబడుతుంది. ఎండ చూస్తే రాత్రి కదలమంటుంది. పోటు ఒక వారం రాత్రి అనుకూలిస్తే, మరొక వారం మిట్టమధ్యాహ్నం రమ్మంటుంది. లోతులేని చోట నీరు ఉన్నప్పుడే పడవ కదలాలి. ఆ వేళకు సూర్యుడు నడినెత్తిన ఉన్నా గెడ పట్టక తప్పదు.

కుండలోని నీరు

నాలుగువైపులా నీరుండి దాహానికి చుక్క లేకపోవడం సముద్రం మీద నావికులకు తెలిసిన బాధ. ఒడ్డుకు ఎప్పుడూ నాలుగు బారల దూరంలోనే ఉన్న కాలువ పడవవాడికీ అదే బాధ ఉండడం విచిత్రం. మండుటెండలో బరువు పని చేసే మనిషికి గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా నీరు కావాలని నేటి వైద్యులు చెబుతారు. నలుగురు మనుషులు రోజుకు ఎనిమిది గంటలు గెడ వేసి, మోకు లాగారనుకొంటే తాగడానికే 24 నుంచి 32 లీటర్లు. అంటే రెండు మూడు బిందెలు. వంటకు వేరే. ఒళ్ళు కడుగుకోవడానికి మాత్రం ఉప్పునీరే. నాలుగు రోజుల ప్రయాణానికి పది పన్నెండు బిందెల నీరు ఎత్తుకొంటే అంత మేరకు సరుకు తగ్గుతుంది. తక్కువ ఎత్తుకొంటే ప్రాణం మీదికి వస్తుంది. సరుకుకూ దాహానికీ మధ్య ఈ బేరం ప్రతి ప్రయాణంలోను జరగవలసిందే.

ఈ బేరంలో పడవవాడికి అండగా నిలిచింది ఇసుకదిబ్బ. తూర్పు తీరం పొడవునా కాలువకూ సముద్రానికీ నడుమ ఇసుక నేల ఉంది. దానిమీద కురిసిన వాన లోపలికి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలికైన తియ్యనీటి పొరగా నిలుస్తుంది. చేతులతో ఇసుక తోడితే ఊరే ఆ నీటిని మనం చెలమ అంటాం. ఒకవైపు సముద్రం, మరొకవైపు ఉప్పుకాలువ, నడుమ చెలమలో మంచినీరు! శ్రీహరికోట దీవిలో తరతరాలుగా బతికిన యానాదులకు ఇది కొత్త సంగతి కాదు. ఏ దిబ్బ చెలమ ఏ నెలదాకా ఊరుతుంది, ఏది ముందుగా ఉప్పవుతుంది అన్నది పుస్తకంలో లేని భూగోళం. చెలమకు ఒక నియమం ఉంది. పైపైన తోడుకొంటే నీరు తియ్యగా ఉంటుంది. లోతుగా తోడితే అడుగునున్న ఉప్పు పైకి లేస్తుంది. కొంచెం తీసుకొని కొంచెం వదలాలి.

కూజా నీటిని గురించి కూడా ఒక మాట చెప్పాలి. మట్టికుండ పైకి చెమ్మ పట్టి, ఆ చెమ్మ ఆరుతున్నప్పుడు లోపలి నీరు చల్లబడుతుంది. పొడిగాలి వీచే రాయలసీమలోను, తెలంగాణలోను ఇది బాగా పనిచేస్తుంది. తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి కుండ చెమ్మ త్వరగా ఆరదు. మనిషి చెమట కూడా అంతే. చెమట కారడం వల్ల ఒళ్ళు చల్లబడదు, చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. కాబట్టి తీరంలో మనిషిని కాపాడేది ముఖ్యంగా గాలి.

గాలి, గూడు, తిండి

ఏప్రిల్, మే నెలలలో ఈ తీరం వెంట దక్షిణపు గాలి నిలకడగా వీస్తుంది. చెన్నపట్నంనుంచి ఉత్తరానికి, అంటే తెలుగుసీమ వైపు తిరిగి వచ్చే పడవకు అది వరం. తెరచాప ఎత్తి చుక్కాని పట్టుకొంటే చాలు. సరుకుతో దక్షిణానికి పోయే పడవకు అదే గాలి ఎదురు. తెరచాప దించి, గట్టుమీదికి దిగి మోకు భుజాన వేసుకొని లాగవలసిందే. బరువుతో పోయేటప్పుడు ఒళ్ళు హూనం చేసుకొని, ఖాళీగా వచ్చేటప్పుడు గాలి తోడుతో రావడం ఈ దారిలో వేసవి రీతి. గట్టుమీద కాలే ఇసుకలో లాగేవాడికన్నా నీడలో చుక్కాని పట్టినవాడి పని సులువు. కనుక మనుషులు వంతులు మార్చుకోవడంలో న్యాయం ఉందో లేదో అన్నది ఆ పడవ పెద్ద గుణానికి పరీక్ష.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. కాలువ తీరానికి దగ్గరగా సాగుతుంది కాబట్టి ఆ గాలి ఊళ్ళకన్నా ముందు కాలువను చేరుతుంది. కాని పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అసలు రానే రాదు. వడగాలి రోజులంటే అవే. చెన్నై నగరంలో 2003 మే నెల చివర 45 డిగ్రీల ఎండ కాసింది కూడా ఇటువంటి రోజులలోనే. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్న సామెత పుట్టిన రోజులవి. అటువంటప్పుడు పడవను గట్టు నీడకు చేర్చి ఆగడమే వివేకం. మొండిగా లాగితే వడదెబ్బ తప్పదు.

పడవ మీది గూడు సంగతి చూద్దాం. వెదురు బద్దల మీద తాటాకో చాపో కప్పి, రెండు చివరలూ తెరిచి ఉంచిన గూడు ఎండను లోపలికి దింపదు, గాలిని ఆపదు. దొరల పడవలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లించుకొనేవారు. పడమటి పొడిగాలికి అవి చల్లదనాన్నిచ్చినా, తేమ నిండిన సముద్రపు గాలికి వాటి వల్ల ప్రయోజనం తక్కువ. తాటాకుకు ఆ పేచీ లేదు. పాతబడితే తీసి కొత్తది కప్పుకోవచ్చు. దానికయ్యే ఖర్చు మనిషి శ్రమే.

తిండి విషయంలో తెలుగు కోస్తా వంటింటి అనుభవం అక్కరకు వచ్చింది. గూటికింద పొయ్యి వెలిగిస్తే పడవంతా ఆవమే. అందుచేత ఒకపూట వండి రెండు పూటలు గడుపుకొనే తిండి కావాలి. రాత్రి మిగిలిన అన్నంలో నీరు పోసిన చద్దన్నం, పులిసిన తరవాణి, గంజి, అంబలి ఇందుకు సరిపోయాయి. వీటిలో నీరుంది, ఉప్పుంది, పులుపుంది. చెమటలో పోయేవి నీరూ ఉప్పూ కాబట్టి ఒంటికి కావలసినదే వాటిలో దొరికింది. ఎండదెబ్బకు ఉప్పు కలిపిన గంజి, మజ్జిగ తాగమని నేటి ఆరోగ్యశాఖలు చెప్పే సలహాలో పడవవాడికి తెలియనిది ఏమీ లేదు.

ఎండాకాలపు ప్రయాణం రాత్రిపూట సాగడం పడవలకే పరిమితం కాదు. చెన్నపట్నపు తెలుగువారైన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు 1830 మే 18న, సరిగ్గా కర్తరిలో, రాత్రివేళ నగరం విడిచి తండయారువేడు తోటకు చేరుకొన్నారు. ఆయన బోయీలు మోసే పల్లకీ ఎక్కారు, సత్రాలలో దిగారు. పడవవాడికి పల్లకీ లేదు, సత్రం పడవే. అయినా ఇద్దరికీ ఎండ నేర్పిన పాఠం ఒక్కటే. గోదావరి కాలువలలో నడిచిన ప్రయాణికుల పడవలనూ రాత్రితో కలిపి తలచుకోవడం తెలుగు కథకు అలవాటు. పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ కథ ఇందుకు చక్కని ఉదాహరణ.

తవ్విన చేతులు

ఈ కాలువ పడవవారిని గురించి చెప్పి, తవ్వినవారిని మరిచిపోతే చరిత్ర సగమే అవుతుంది. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధాని లక్షల మందిని పోగొట్టుకొంది. బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు సీమలనుంచి తిండి వెతుక్కుంటూ చెన్నపట్నం దారి పట్టినవారికి లెక్క లేదు. కరువు పనుల కింద ఈ కాలువను తవ్వించారు. కూవం, అడయారు నదులను కలిపే 8 కిలోమీటర్ల ముక్క 1877–78లో ఆ విధంగా వచ్చినదే. 1878లో మొత్తం కాలువకు నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు.

1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు కూలిని తగ్గించి, మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యానికి, అంటే అర్ధ కిలోకన్నా తక్కువకు, దానిపైన కొద్దిపాటి డబ్బుకు కుదించాడు. రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ వాదం వల్ల కొంతకాలానికి కూలి కొంత పెరిగింది. కరువు అంటేనే వాన లేని ఎండ. పంచాంగం ఇరవై అయిదు రోజులు వద్దన్న తవ్వకాన్ని ఆకలి ఏడాది పొడవునా చేయించింది. ఇప్పుడు మురుగుతో నిండిన ఆ కాలువను దాటేటప్పుడు ముక్కు మూసుకొనే మనం, దాని గట్టు మట్టిలో ఎవరి చెమట ఉందో ఒకసారి గుర్తు చేసుకోవడం ధర్మం.

పడవ పోయిన తరువాత

1899లో బెజవాడనుంచి చెన్నపట్నానికి రైలు దారి పడింది. ప్రయాణికులు ముందుగా రైలుకు మళ్ళారు. తొందర లేని బరువులు, అంటే ఉప్పు, కట్టెలు, గుల్ల వంటివి, మరికొన్ని దశాబ్దాలు పడవలమీదే సాగాయి. తరువాత లారీలు వచ్చాయి. 1960ల నడిమి కాలంలోను, 1976లోను వచ్చిన తుఫానులకు దెబ్బతిన్న కాలువ మళ్ళీ కోలుకోలేదు. చెన్నైలో 1990లలో ఎత్తైన రైలుదారి స్తంభాలు కాలువలోనే నిలిచాయి. 1995లో బీచి స్టేషను నుంచి చేపాకం దాకా, 1997లో మైలాపురం దాకా ఆ రైళ్ళు నడిచాయి. నీటి బాట మీద రైలు బాట వేసినట్లయింది. జాతీయ జలమార్గం పేరుతో 2017లో పనులు మొదలైనది కృష్ణానదిలో ముక్త్యాల, విజయవాడల నడుమ. ఉప్పుకాలువకు వెనకటి పడవలు తిరిగి రాలేదు.

పడవ పోయినా ఎండ పోలేదు. ఉత్తర చెన్నైలో కాలువ గట్ల వెంట, రేవులకు, మిల్లులకు, రైలు యార్డులకు పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన కుటుంబాలలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. వారి ఇళ్ళకు తాటాకు స్థానంలో రేకులు వచ్చాయి. నిప్పు భయం తగ్గింది, వాన కురవదు. ఈ మేలు చిన్నది కాదు. కాని రేకు పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని ఇంట్లోకే దించుతుంది. రెండు వైపులా తెరిచిన గూటిలోకి వచ్చిన సముద్రపు గాలి, ఇరుకు సందులో ఒకే తలుపున్న గదిలోకి రాదు. కాలువ నీరు ఇప్పుడు తెరచాపను మోయదు, దోమను పెంచుతుంది. మీంజూరు ప్రాంతంలో 1960ల చివరినుంచే భూగర్భంలోకి ఉప్పునీరు చొచ్చుకు వచ్చింది. చెలమ నియమాన్ని బోరుబావులు పాటించలేదు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణలలో వడదెబ్బకు వేయిమందికి పైగా చనిపోయినప్పుడు వారిలో ఎక్కువమంది ఎండలో పని మానుకోలేని కూలివారు, ముసలివారు. ఎండ అందరికీ ఒకటే అయినా నీడ అందరికీ ఒకటి కాదు.

కృష్ణానదికీ చెన్నపట్నానికీ ఉన్న నీటి సంబంధం మాత్రం తెగలేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తమ కృష్ణా వాటాలనుంచి తలా 5 టి.ఎం.సి.ల నీరు చెన్నపట్నానికి ఇవ్వడానికి అంగీకరించాయి. 1983 నాటి ఒప్పందం వల్ల తెలుగుగంగ రూపుదిద్దుకొంది, 1996లో కండలేరు మీదుగా పూండికి తొలిసారి కృష్ణ నీరు చేరింది. మూడు రాష్ట్రాలు ఇచ్చేది 15 టి.ఎం.సి.లు. తమిళనాడు సరిహద్దులో లెక్కకు వచ్చేది 12. మిగిలిన 3 టి.ఎం.సి.లు దారిలో ఆవిరయ్యే నీటి కింద తీసివేశారు. రాజ్యాల ఒప్పందంలో ఎండకు కూడా ఒక వాటా రాసిపెట్టారన్నమాట! పడవవాడు బిందెలు లెక్కపెట్టుకొన్నప్పుడు చేసిన లెక్క ఇదే. ఎండ వాటా ముందుగా తీసివేసి, మిగిలినదానితో ప్రయాణం తలపెట్టాలి. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలు మీద నీరు తెచ్చుకోవలసి వచ్చినప్పుడు ఆ లెక్క మరిచిన ఫలితం కనిపించింది.

పూర్వపు పడవ బతుకు సుఖమైనదని చెప్పడం మా ఉద్దేశం కాదు. అది కష్టాల బతుకు. ఆ కష్టంలో సంపాదించిన తెలివి మాత్రం పారవేయదగినది కాదు. పని వేళను ఎండను బట్టి మార్చుకోవడం, గాలి ఆడే కప్పు వేసుకోవడం, చెలమను లోతుగా తోడకపోవడం, వంతులు న్యాయంగా పంచుకోవడం నేటి నగరానికీ అవసరమే. ఈ తెలివి అంతా మాటలలో దాగి ఉంది. గెడ, మోకు, మొగ, పోటు, పాటు, కయ్య, చెలమ, లాకు, కట్టు వంటి మాటలు కోస్తా జిల్లాలలో ఇంకా కొంత వినిపిస్తున్నాయి. తమిళనాడు తెలుగు ఇళ్ళలో అవి పెద్దల నోళ్ళలోనే మిగిలాయి. ప్రళయకావేరి ఒడ్డు తెలుగును స.వెం. రమేశ్ కథలలో నిలిపినట్లుగానే, ఈ పడవల పలుకుబడినీ ఊరూరా సేకరించవలసి ఉంది. గెడ పట్టిన తరంలో ఇంకా మన మధ్య ఉన్నవారు మిక్కిలి వృద్ధులు. విశ్వవిద్యాలయాలలో తెలుగు చదువుకొనే విద్యార్థులు రానున్న వేసవి సెలవులలో తమ ఊరి కాలువగట్టున ఒక్క పూట కూర్చొని వారి మాట వింటే, ఆ నీటి బాట చరిత్రలో మిగిలిన సగాన్ని రాయడానికి వీలు కలుగుతుంది.